కొత్త ఆకు వేస్తే బడికి పంపిస్తానన్నారు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎండలు ముదిరాయంటే పచ్చని ఆకు కనపడేది కాదు. పొదిలి అవతల మెట్ట ఊరు మాది. బావిలో నీళ్ళు ఉప్పన. తాగే నీళ్ళ కోసం వాగు దాకా వెళ్ళి, ఇసకలో చెలమ తీసి తోడుకోవాలి. అలాంటి ఊళ్ళో, మా అమ్మ పొలం కూలికి వెళ్ళే పెద్దింట్లో, హాలు గుమ్మానికి అటొకటి ఇటొకటి రెండు చెట్లు వెలిశాయి. చూడ్డానికి ఈత మొక్కల్లా ఉన్నాయి గానీ ముల్లు లేదు, ఎండిన మట్ట ఒక్కటీ లేదు. ఆ ఇంటి అమ్మగారి తమ్ముడు మద్రాసు నుంచి తెచ్చాడట. ప్లాస్టిక్‌వి. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. ప్లాస్టిక్ అంటే అప్పటికి నాకు తెలిసింది దువ్వెన, గాజులు. దాంతో చెట్లు కూడా చేస్తారని నాకెలా తెలుస్తుంది?

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా అలాంటి చెట్లు ఉంటున్నాయి. వాటి మీద నాకేం కోపం లేదు. ఎవరి ముచ్చట వాళ్ళది. నా కోపం వేరే.

ఆ ఇంట్లో నేను అంట్లు తోమేదాన్ని, చిమ్మేదాన్ని. అమ్మగారి కూతురు నా ఈడుదే. పలక సంచీలో పెట్టుకుని బడికి పోతుంటే నేను చీపురు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి చూసేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి, నేనూ వెళ్తానండీ అని అమ్మగారిని అడిగాను. ఇంట్లో చుట్టాలున్నారు. ఆవిడ వాళ్ళ వైపు ఒకసారి చూసి, నవ్వు ఆపుకుంటూ, "అలాగేలేవే. ఈ చెట్లకి రోజూ నీళ్ళు పొయ్యి. ఏ రోజు కొత్త ఆకు వేస్తే ఆ రోజే నిన్ను బడిలో వేస్తాను" అంది.

నేను నమ్మాను. ఎందుకు నమ్మను? పెద్దవాళ్ళు చెప్పారు.

అప్పటి నుంచి పొద్దున లేస్తే నాకు అదే ధ్యాస. ఉప్పునీళ్ళు పోస్తే చెట్లు మాడిపోతాయేమోనని, వాగు నుంచి మా ఇంటికి తెచ్చుకున్న మంచినీళ్ళలోంచే చెంబుడు తీసి పట్టుకెళ్ళేదాన్ని. మా అమ్మ మోసిన నీళ్ళు అవి. పోసిన నీళ్ళు పోసినట్టే కుండీ అడుగున చిల్లులోంచి కారి గచ్చు మీదకి వచ్చేవి. "గచ్చు పాడవుతుంది, తుడువు" అనేది అమ్మగారు. తుడిచేదాన్ని. కల్లాల మీద నుంచి మిరప దుమ్ము వచ్చి ఆకుల మీద పడితే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచి, మొదలు దగ్గర మొలక ఏమైనా వస్తోందా అని వేలు పెట్టి తడిమేదాన్ని. ఇంటికి చుట్టాలెవరు వచ్చినా నన్ను పిలిచేవాళ్ళు. "ఏమ్మా తోటమాలీ, వేసిందా ఆకు?" అని అడిగేవాళ్ళు. "ఇంకా లేదండీ, వేస్తదండీ" అనేదాన్ని. వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. నామీద ఇష్టం కొద్దీ నవ్వుతున్నారనుకున్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

మంచినీళ్ళ కడవ తొందరగా అడుగంటుతోందని మా అమ్మకి అనుమానం వచ్చి నన్ను నిలదీసింది. చెట్టు సంగతి, బడి సంగతి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మర్నాడు మిరప కోతకి పోయే ముందు పెద్దింటికి వచ్చి, ఆ చెట్టు ఆకుని రెండు వేళ్ళతో నలిపి చూసింది. నా వైపు చూసింది. కోతకి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే అమ్మగారి పుట్టింటివాళ్ళు వచ్చారు. హాలు నిండా మనుషులు. మా అమ్మ వాగు గట్టు నుంచి లేత ఈత మొవ్వు ఒకటి కోసుకొచ్చి, అందరూ భోజనాల దగ్గర ఉండగా ఆ చెట్లలో ఒకదాని నడి మధ్యలో గుచ్చింది. వాళ్ళు చేతులు కడుక్కుని హాల్లోకి రాగానే ఎదురెళ్ళి నిలబడింది.

"అమ్మగారండీ, మీ చెట్టు కొత్త ఆకు వేసిందండీ. పిల్లని ఎప్పుడు పంపమంటారు బడికి?"

అమ్మగారు చూసి కిసుక్కున నవ్వింది. "పిచ్చిమొహమా, ప్లాస్టిక్ చెట్టుకి ఆకెలా వస్తుందే?"

మా అమ్మ గొంతు పెంచలేదు. "రాదని మీకు తెలుసన్నమాట. మరి నా బిడ్డ చేత ఇన్నాళ్ళూ నీళ్ళెందుకు పోయించారండీ?"

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. వచ్చినవాళ్ళలో ఒక ముసలాయన తల వంచుకున్నాడు. అమ్మగారి మొహం ఎర్రబడింది. ఏదో సరదాకి అన్నామని, దానికింత రాద్ధాంతం ఎందుకని గొణిగింది. "సరదా మీకండీ. నా పిల్ల రోజూ ఆశపడి లేచేది" అని మా అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. చెట్టు ఉత్తిదని తెలిసినందుకు కాదు, అక్కడున్న అందరికీ తెలుసని తెలిసినందుకు.

ఆ ఇంటి పొలాల్లో మా అమ్మకి మళ్ళీ పని ఇవ్వలేదు. మేం సత్తెనపల్లి వైపు కూలికి వచ్చేశాం. అమ్మ కోతకి పోతే నేనూ పక్క సాలులో కాయ కోశాను. బడి మాట అక్కడితో పోయింది. మనవలు పుట్టాక, మా పొదుపు సంఘంలో ఒకమ్మాయి నేర్పితే అక్షరాలు దిద్దుకున్నాను. అన్నేళ్ళు ఆగాల్సిన పని కాదది. పాత సంగతులు వదిలెయ్యవే అని మావాళ్ళు అంటారు. నేను వదలను. పసిపిల్లకి జరగని షరతు పెట్టి, అది కాచుకుని కూర్చుంటే చూసి నవ్వుకోవడం చిన్న తప్పు కాదు.

ఆ రోజు మా అమ్మ నాకు నేర్పింది ఒక్కటే. ఎవరైనా ఇదయ్యాక అది చేస్తామంటే, ఇది అసలు అయ్యేదేనా అని నలుగురి ముందు అడగాలి. మొన్న మిరప కోతలో, మెట్ట ఊళ్ళ నుంచి వచ్చిన ఒకామె కూతురు కూడా కాయ కోస్తోంది. కోతలయ్యాక బడిలో వేయిస్తానని, కూలీలని తెచ్చిన మేస్త్రీ ఆ పిల్లకి చెబుతున్నాడు. నేను నడుం ఎత్తాను.

"ఏ కోతరా? పత్తి తీసేటప్పుడు పత్తి అయ్యాక అన్నావు. ఇప్పుడు మిరప అయ్యాక అంటున్నావు. మిరప అయ్యేసరికి బళ్ళకి సెలవులిస్తారు."

"నీకెందుకే పెద్దమ్మా, నీ సాలు నువ్వు చూసుకో" అన్నాడు.

"ఏ రోజో చెప్పు. అందరూ వింటున్నారు, చెప్పు."

నేను వంగలేదు. నన్ను చూసి పక్క సాళ్ళ ఆడవాళ్ళు కూడా కోత ఆపి నిలబడ్డారు. చివరికి సోమవారం అన్నాడు. సోమవారం నా కూలి మానుకుని, ఆ పిల్లనీ దాని తల్లినీ వెంటబెట్టుకుని బడికి నడిచాను. పిల్ల లోపలికి వెళ్ళి, వరసలో కూర్చుని, పక్క పిల్ల పుస్తకంలోకి తొంగి చూసేదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను.