సేమ్యాలో పుట్టగొడుగులు

పన్నెండేళ్ళుగా ఒక మాట నాలోనే పెట్టుకుని తిరుగుతున్నాను. మొదట్లో బరువుగా ఉండేది. ఇప్పుడు ఆ బరువు కూడా తెలియడం లేదు, మొద్దుబారిపోయాను. అందుకే భయమేసి రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే చెప్పలేను.

సుగుణ నా తోడికోడలు. మా మరిది జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో మేస్త్రీ, మా ఆయన బడిపంతులు. రెండు కాపురాలూ అప్పట్లో ఒకే ఇంట్లో. ఆ ఏడు వానాకాలంలో సుగుణ కూతురు రూతుకి జ్వరం పట్టుకుంది. మూడేళ్ళ పిల్ల. నందిగామ ఆసుపత్రిలో చేర్చారు. పాప తన కాళ్ళతో నడిచి చర్చికి వచ్చేదాకా మాంసం ముట్టనని సుగుణ ఆదివారం అందరి ముందూ మొక్కుకుంది. ఎంత భక్తో అని ఊరంతా మెచ్చుకుంది. ఇంటెడు చాకిరీ చేస్తున్న నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఇది ముందే చెప్పాలి. ఎందుకంటే ఆ తర్వాత చేసింది జాలితోనే చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను.

పదో రోజు పొద్దున ఆమె స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి ఇంటికొచ్చింది. గంటలో మళ్ళీ బస్సు. అంతకుముందే మరిది క్వారీ పక్క తుప్పల్లో కొట్టిన చెవులపిల్లిని, అదే అడవి కుందేలుని, నాకిచ్చి పనికి వెళ్ళిపోయాడు. ఆ మాంసానికి కొవ్వుండదు. ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచితే తోలులా సాగుతుంది. సన్నటి చీలికలుగా కోసి, ఇనప మూకుట్లో నూనె బాగా కాగాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లితో గబగబా వేయించాను. సేమ్యా అంటే మా ఇంట్లో పాయసానికే. ఆ రోజు దాన్ని ఉడికించి వార్చి, అదే మూకుట్లో పోసి, మిరియాల పొడి చల్లి కలిపాను. పావుగంట పని. మధ్యాహ్నం పంపే మగవాళ్ళ క్యారేజీలకని చేశాను. సుగుణకి చారన్నం వేరే ఉంది.

ఆమె వచ్చి పీట మీద కూర్చుంది. మెడ ఎముకలు బయటికొచ్చి ఉన్నాయి. నా చేయి చారు గిన్నె దగ్గరికి వెళ్ళలేదు.

"ఏంటక్కా ఇందులో?"

"పుట్టగొడుగులే. చిల్లకల్లు సంత నుంచి తెచ్చారు. తిను, బస్సుకి టైమవుతోంది."

"భలే ఉన్నాయే. ఇంకాస్త వెయ్యక్కా."

వేశాను.

జాలా అది? కొంత ఉందేమో. కానీ ఆమె రెండోసారి పళ్ళెం ముందుకు జరిపినప్పుడు నా కడుపు చల్లబడింది. అంత గొప్ప మొక్కూ నా మూకుడు ముందు నిలవలేదని లోలోపల సంతోషించాను. దాన్ని జాలి అని ఎలా అంటాను?

ఆ తర్వాత నాలుగో రోజున పాప పోయింది. నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే పెరట్లో కూర్చుని, శుభ్రంగా ఉన్న మూకుడు మళ్ళీ తోమాను.

మట్టి చేసి వచ్చాక సుగుణ నా పక్కన కూర్చుని, "నేను మాట తప్పలేదక్కా. ఆ దేవుడే తప్పాడు" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే పాప చావు తన నోటి నుంచే వచ్చిందని అనుకుంటుంది. చెప్పకపోతే నేను చేసిన దానికి దేవుణ్ణి తిడుతుంది. జ్వరానికీ మాంసానికీ ఏం సంబంధమని నేను అనుకోగలను, సుగుణ వల్ల కాదు. ఆమె బైబిలు పెట్టెలో పెట్టేసింది. పాస్టరుగారు రెండుసార్లు వచ్చి వెళ్ళారు. ఆ తర్వాత ఆమె చర్చి గడప తొక్కలేదు. నేను మాత్రం ప్రతి ఆదివారం వెళ్తున్నాను. పాటలు కూడా పాడతాను.

మొదటి వానలు పడగానే ఏటా ఆమె నాకు పుట్టగొడుగులు తెస్తుంది. ఆ రోజు నేను వండింది అవేనని నమ్మి, నాకవి ఇష్టమనుకుంది. ఈ రోజూ తెచ్చింది. మట్టి కడిగి, చీలికలు చేసి, సేమ్యాలో కలిపి ఇద్దరం తిన్నాం.

"ఆ రోజు రుచి మళ్ళీ రాలేదక్కా. అప్పుడేం వేశావు?" అని అడిగింది.

"మిరియాల పొడే" అన్నాను.

ఆమె వెళ్ళింది. పళ్ళేలు ఇంకా కడగలేదు. అది చెవులపిల్లి మాంసం, సుగుణా. ఈ మాట కాగితం మీదైనా పెట్టడం ఇదే మొదటిసారి.