ముప్పై ఒకటో రాయి

మా పల్లె శ్మశానం సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బ మీద ఉంది. అక్కడి పుల్ల కూడా ఇంటికి తేకూడదని కట్టుబాటు. అందుకే చుట్టుపక్కల ఎక్కడా లేనన్ని కానుగ చెట్లు, మొగలి పొదలు అక్కడ మిగిలాయి. వాటి మధ్య ఉడుములు, తాబేళ్లు తిరుగుతుంటాయి.

పోయిన వేసవిలో చేపల బండి పడవల దాకా వచ్చేలా శ్మశానం అంచున దారి వేయాలనుకున్నారు. టేపు పట్టి స్థలాలు కొలవడం నాకు నేనే నేర్చుకున్న పని. సమాధులు వదిలి దారి గీయమని ఊరి పెద్దాయన నన్ను పిలిచారు.

మా దగ్గర సమాధికి గుర్తు పాత లంగరు రాయి. ఆ అంచున ముప్పై ఒక్క రాళ్లు లెక్కపెట్టాను. అక్కడ పూడ్చిన వాళ్లెవరో చెప్పమంటే, పెద్దాయన తలచుకుని ముప్పై మంది పేర్లు చెప్పారు. మిగిలిన రాయికి కాగితం మీద ‘ఖాళీ’ అని రాసి, దాని మీదుగా దారి గీశాను.

మర్నాడు పొద్దున సున్నంతో గీత పోస్తుంటే మా వీధి అక్క వచ్చి ఆ రాయి పక్కన కూర్చుంది. ఆమె భర్త వేటకు పోయి తిరిగి రాలేదని నాకు తెలుసు. ఆయనకూ రాయి వేశారని తెలియదు.

“ఏమబ్బయ్యా, ఇది ఖాళీ అని రాసినావంట?”

“కింద ఎవురూ లేరు గదక్కా.”

“ఆయన తెడ్డు ఉండాది. సముద్రం మనిషిని ఇయ్యలేదు, తెడ్డు ఇచ్చినాది. దాన్నే పూడ్చినాం. ఇది తీసేస్తే నేను యాడికి బోయి కూసోవాల?”

గీత చూడడానికి వచ్చి పక్కనే నిలబడ్డ పెద్దాయన వైపు చూశాను.

“నువ్వడిగింది పూడ్చినోళ్ల లెక్క గదబ్బా! రాళ్ల లెక్క అడిగినావా?” అన్నారాయన.

“ముందు ఆ కాలు తియ్యి, తొక్కతావు,” అంది అక్క.

నా చెప్పు పక్కనే గులకరాళ్ల రంగులో నాలుగు తీతువు గుడ్లు. టేపుతో రెండుసార్లు అటే నడిచాను, కనబడలేదు. తల్లి పిట్ట మా తలల మీద అరుస్తూ తిరుగుతోంది. ఆ అరుపు ఇంటి మీద వినబడితే మా వాళ్లు భయపడతారు.

“ఈడ నాకు అదే తోడు,” అంది అక్క.

దారిని నలభై అడుగుల ముందు నుంచే సరుగుడు తోట వైపు తిప్పి, రాయి దగ్గర తొమ్మిది అడుగులు ఎడం ఇచ్చి, మళ్లీ నలభై అడుగుల్లో కలిపాను. మొత్తం మీద పెరిగింది రెండడుగులే.

“రెండడుగులకా ఇంత పంచాయితీ! బండోడు నిద్రలో గూడా తిప్పతాడు,” అన్నారు పెద్దాయన.

కాగితం మీద ‘ఖాళీ’ కొట్టేసి అక్క భర్త పేరు రాశాను.

నెల తర్వాత చూస్తే మూడు పిట్టపిల్లలే కనిపించాయి. నాలుగోది మొగలి పొదలోకి పోయిందని అక్క చెప్పింది. నాలుగనే రాసుకున్నాను.