ఫైలకా పడవలో అవ్నిల్లా కథ

ఫైలకా దీవికి వెళ్దామన్న ఆలోచన మరియమ్మది. నరసాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి కువైత్‌లో నర్సుగా చేస్తోంది. "ఇన్నేళ్ళ నుంచీ సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూడ్డమే గానీ ఒక్కసారీ పడవెక్కలేదండి టీచరుగారూ" అని నెల రోజులు పోరింది. నేను సాల్మియాలో ఒక ఇండియన్ స్కూల్లో చరిత్ర చెబుతాను. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు నడిపే రాఘవ, హైదరాబాద్ ఇంజనీరు, ఆ మాట విని గ్రూపులో పెట్టాడు. పెట్టిన రోజే పది పన్నెండు కుటుంబాలు తయారయ్యాయి.

జనవరిలో ఒక శుక్రవారం. సబా అల్ సలేంలో మరియమ్మను ఎక్కించుకుని ఏడున్నరకు రాఘవ కారు జాబ్రియాలో మా ఇంటి ముందాగింది. రేవు పావుగంట దూరం. వెళ్ళదలచినవాళ్ళు సివిల్ ఐడీ మరవకండి, అది చూడనిదే ఎక్కనివ్వరు. ఎండ ఉన్నా గాలి కోస్తుంది, శాలువా కూడా ఉంచుకోండి. "యల్లా, యల్లా" అని పడవవాళ్ళు తొందర పెడుతుంటే పై అంతస్తు బెంచీలు చాలావరకు మావాళ్ళే పట్టేశారు.

ప్రయాణం గంటకు పైగా. కాసేపటికి దూరంగా బూడిదరంగు కాపలా ఓడ ఒకటి కనిపించింది. "టీచర్, గా ఓడను జూస్తె యాదికొచ్చింది. మీరు బడిల ఏదో యుద్ధనౌక కథ జెప్తరంట గదా, జెర మాక్కూడ చెప్పుండ్రి" అన్నాడు రాఘవ. పక్క బెంచీల మీద మలయాళీలు కూడా ఉన్నందువల్ల ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను.

అవ్నిల్లా ఒట్టోమన్ తుర్కుల ఓడ. ఒళ్ళంతా ఇనప కవచం. ఇంగ్లండులో కట్టించుకున్నారు. పాతబడ్డాక ఇటలీలోని జెనోవాకు పంపి కొత్త యంత్రాలూ, కొత్త ఫిరంగులూ పెట్టించుకున్నారు. కొన్నేళ్ళకే ఆ ఇటలీతోనే యుద్ధం వచ్చింది. 1912లో రెండు ఇటలీ నౌకలు లెబనాన్‌లోని బేరూత్ రేవు ముందుకు వచ్చి, అక్కడున్న ఈ ఓడను లొంగిపొమ్మన్నాయి. అవ్నిల్లా లొంగలేదు. "బండి సర్వీసింగ్ చేసిన మెకానిక్కే వచ్చి దాన్ని విరగ్గొట్టినట్టన్నమాట!" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఫిరంగి దెబ్బలకు ఓడ అంటుకుంది. ఇక ముంచేద్దామని ఒక ఇటలీ నౌక రేవు దాకా వచ్చి టార్పెడో వదిలింది. కదలని ఓడ, కళ్ళెదురుగా ఉంది. అయినా గురి తప్పింది! నేను రెండు చేతులతో టార్పెడో వంకర నడక నటించి చూపించాను. మరియమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. రెండోది తగిలింది, ఓడ మునిగింది. చప్పట్లు కొట్టారు. రాఘవ మొదటి నుంచీ వీడియో తీస్తూనే ఉన్నాడు.

దీవిలో మొదట గ్రీకుల కాలపు రాళ్ళు చూపించారు. తర్వాత ఊరు. ఇరాక్ సేన వచ్చినప్పుడు అక్కడి జనాన్నంతా వెళ్ళగొట్టారు, చాలామంది మళ్ళీ కాపురానికి రాలేదు. గోడల నిండా తూటా దెబ్బలు. మావాళ్ళు విరిగిన టాంకు ఎక్కి ఫోటోలు దిగారు. నేనూ ఒక ఇంటి గోడకున్న తూటా కన్నంలో వేలుపెట్టి నవ్వుతూ దిగాను.

ఒంటిగంటకు భోజనం. అన్నం, కాల్చిన చేప, పెరుగు. బల్ల చివర ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. పడవలో మా వెనక బెంచీ వాళ్ళే. లెబనాన్ ఆయన, పేరు ఎలియాస్, మందుల దుకాణం నడిపి మానేశానన్నారు.

"పొద్దున మీ కథలో ఓడ పేరు సరిగా వినపడలేదు. అవ్నిల్లాయేనా?" అని ఇంగ్లీషులో అడిగారు.

సంబరపడిపోయాను. "అవునండీ, మీకు తెలుసా?"

"మా ఇంట్లో తెలుసు. ఆ గురి తప్పిన టార్పెడో ఎక్కడికి వెళ్ళిందో మీరు చెప్పలేదు."

నేను ముద్ద కంచంలో పెట్టేసి ఆయన వైపు తిరిగాను.

"సరుకు దించే పడవల మీదికి వెళ్ళింది. మా తాతగారి అన్న ఆ పడవల్లో ఒకదాని మీద పనిచేసేవాడు. ఆ ఉదయం పడవను పక్కకు తెద్దామని వెళ్ళాడు. చెక్కలు కొట్టుకొచ్చాయి, మనిషి రాలేదు. వాళ్ళమ్మ మళ్ళీ ఏ కొడుకునూ రేవు వైపు పోనివ్వలేదు. అందుకే మావాళ్ళు దర్జీలయ్యారు."

క్షమించమనడానికి బదులు నా నోట వచ్చిన మాట వేరు. "పుస్తకాల్లో అంత వివరంగా లేదండీ" అన్నాను.

అది అబద్ధం. పడవలు మునిగాయనీ, ఊళ్ళో జనం కూడా చచ్చిపోయారనీ నేను చదివాను. క్లాసులో మొదటిసారి చెప్పినప్పుడు ఆ వాక్యం దగ్గర నవ్వు ఆగిపోయింది. మర్నాటి నుంచి ఆ వాక్యం తీసేశాను. ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, భార్యకు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చారు. చేప సగంలో వదిలేసి లేచాను.

రాఘవను పక్కకు పిలిచి వీడియో తీసెయ్యమన్నాను. "అయ్యో టీచర్, సూపర్ హిట్ అయింది! మస్తు మంది వేరే గ్రూపులకు గూడ పంపిన్రు" అన్నాడు. ఫోనులో చూపించాడు. నేను చేతులు తిప్పుతున్నాను. నా భుజం వెనక ఎలియాస్ గారు తల తిప్పుకుని సముద్రం వైపు చూస్తున్నారు. ఏం జరిగిందో చెప్పాక రాఘవ మా గ్రూపులో తీసేశాడు. బయటికి వెళ్ళినదాన్ని ఎవరం ఏం చేయగలం?

నాలుగింటికి తిరుగు పడవ. లేచి నిలబడ్డాను. "పొద్దున కథ తప్పు చెప్పాను. తెలిసే తప్పు చెప్పాను" అని మొదలుపెట్టి, పడవల సంగతీ, ఊరి జనం సంగతీ, ఎలియాస్ గారు చెప్పిన మనిషి సంగతీ చెప్పాను. కథ అడ్డదిడ్డంగా వచ్చింది. ఒకాయన టీకి లేచి వెళ్ళాడు. ఇద్దరు ముగ్గురు ఫోనుల్లోకి తల దించారు. రాఘవ తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎలియాస్ గారు ఆ చివర బెంచీ మీద ఉన్నారు. విన్నారో లేదో తెలియలేదు.

రేవులో దిగేటప్పుడు ఆయనే దగ్గరకు వచ్చారు. "క్షమించండి" అన్నాను, అప్పటికి.

"ఆ పడవకూ పేరుంది" అన్నారు. "వర్దే. మా ముత్తవ్వ పేరు. ఓడ పేరైతే అందరూ రాసుకున్నారు."

"వర్దే" అన్నాను. ఆయన తలూపి భార్య చెయ్యి పట్టుకుని టాక్సీల వైపు నడిచారు.

కారెక్కాం. గల్ఫ్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర మరియమ్మ అంది: "నేనూ నవ్వేసేనండి టీచరుగారూ. ఆ వీడియోలో అందరికన్నా నా గొంతే ఇనపడతంది."

"నేను జెప్పుమంటెనే గద మీరు జెప్పింది" అన్నాడు రాఘవ, అద్దంలోకి చూడకుండా.

వాళ్ళిద్దరూ నా భారం పంచుకోబోతున్నారని అర్థమైంది. కానీ వాళ్ళకు తెలియక నవ్వారు, నేను తెలిసి నవ్వించాను.

ఫైలకా తప్పక చూడవలసిన చోటు. ఉదయం పడవకే వెళ్ళండి. గ్రీకుల రాళ్ళు చూడండి, ఆ ఇళ్ళ మధ్య నెమ్మదిగా నడవండి. ఎలా ఉందని అడిగినవాళ్ళకు ఇవన్నీ చెబుతున్నాను. వర్దే కథ చెప్పడం మాత్రం ఇంకా చేతకావడం లేదు. మొదలుపెడితే చాలు, గొంతు అలవాటు కొద్దీ జనం నవ్వే చోటికే పోతోంది.