ఇంటిపేరు ఒక్కటైన మాటలు

గోపాలపట్నంలో మా వీధి టీచరమ్మ పోయారు. మొన్న మధ్యాహ్నం ఆవిడ చెల్లెలు మా గుమ్మంలో నిలబడి, "అక్క ఎల్లిపోనాదమ్మా," అంది. చేతిలో గరిటె అక్కడే పెట్టేసి ఆవిడ వెంట నడిచాను. చర్చివాళ్లకి ఆవిడ పాటలు నేర్పిన మనిషి. నాకు మాత్రం ఇంగ్లీషు మాటలకి ఇంటిపేర్లుంటాయని చెప్పిన మనిషి.

పంతొమ్మిదివందల డెబ్బైల్లో పెళ్లయి ఎలమంచిలి పక్క పల్లె నుంచి ఈ వీధికి వచ్చాను. మా ఆయనది పోర్టులో ఉద్యోగం. సాయంత్రాలు టీచరమ్మ అరుగు మీద మా ఆడవాళ్లకి ఇంగ్లీషు చెప్పేవారు. సుద్దముక్కతో ఐ, జి, హెచ్, టి అని నేల మీద రాసి, వాటికి ముందు ఒక్కో అక్షరం పెట్టి మార్చేవారు. లైట్, నైట్, ఫైట్, సైట్, టైట్, రైట్.

"మనకి ఇంటిపేరు ముందుంటాది, ఈలకి ఎనకుంటాది. అంతే తేడా," అనేవారు. "ఇంటిపేరొకటైతే గుణాలొకటవుతాయేటి గుంటా? ఒకడు ఎలుతురు, ఒకడు రాత్రి, ఇంకొకడు దెబ్బలాట."

మధ్యలో ఉన్న జి, హెచ్ పలకవేమని అడిగాను.

"ఆలిద్దరూ ఇంట్లో పెద్దోలు. నోరెత్తరు. ఆలని తీసేత్తే మరి ఇల్లుండదు."

అర్థం నోటితో చెబితే ఒప్పుకునేవారు కాదు, చేసి చూపించాలి. టైట్ అంటే బట్టల తాడు లాగి కట్టాలి, వదులైతే మళ్లీ విప్పించేవారు. ఫైట్ అన్నరోజు నేనూ పక్కింటావిడా జడలు పట్టుకుంటే, దారినపోయే పాలవాడు నిజమేననుకుని విడదీయడానికి పరుగెత్తుకొచ్చాడు. టీచరమ్మ నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకున్నారు.

ఈ ఎండాకాలం ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, దాంతోపాటే మాటా పోయింది. తెలుగు కూడా రాలేదు. ఎందుకో ఆ ఐ, జి, హెచ్, టి ఇంటి మాటలే నాలుక మీద మిగిలాయి.

పోయే ముందురోజు చెల్లెలు మందులకి వెళుతూ నన్ను కూర్చోమంది. టీచరమ్మ ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. "నైట్... ఫైట్... సైట్..." అన్నారు. ఏదో కావాలి ఆవిడకి. గట్టిగా కావాలి.

"ఏటి కావాల టీచరమ్మా? లైటా?" అని పట్టపగలు బల్బు వేశాను. కాదని తలూపారు. సైట్ అన్నారు కదాని కళ్లజోడు పెట్టాను. కాదు. జాకెట్టు బిగుతేమోనని హుక్కులు వదులు చేశాను. రైటేమోనని కుడివైపు ఒత్తిగిలబెట్టాను. కాదు, కాదు. ఆ ఇంటిపేరు వాళ్లలో ఎవరో ఒకరయ్యుంటారని అందరినీ పిలుచుకొచ్చాను. అందరూ అయిపోయారు. కావలసిన మాట అసలు ఆ ఇంటిది కాదేమో, అందక వీటిని పట్టుకుని వెతుక్కుంటున్నారేమోనని అప్పుడు తోచింది. మరి ఏ ఇంటిదో నాకెలా తెలుస్తుంది? ఎవరిని అడగను? ఆవిడ కళ్లు నా మొహం వదల్లేదు. నా చేతకానితనం మీద నాకే రోత పుట్టింది.

ఏడుపొచ్చేసింది. ఇంకేం చెయ్యాలో తోచక కూజాలో నీళ్లు గ్లాసులోకి వంపి పెదవుల దగ్గర పెట్టాను. టీచరమ్మ నన్ను చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా నా మణికట్టు వదిలి, నోరు తెరిచారు.

అడిగింది నీళ్లు కాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఒక పక్కనుంచి మెడ మీదికి కారిపోతున్నా, ఇదే కావాలన్నట్టు నావైపే చూస్తూ, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగారు.