మధ్య బటన్ మీది బొట్టు

మా కోరుట్లలో ఇరవై ఏళ్లకు పైగా మా ఇంటికి కేబుల్ ఇచ్చిన ఆయన పోయాడు. ఆ సంగతి నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. మంగళవారం ఉదయం టీవీ ఆగిపోతే, అలవాటుగా ఆయన నంబరుకు ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది.

"ఆయన లేడు టీచర్."

"ఎన్ని గంటలకు వస్తడో సరిగ్గ చెప్పు. మా సార్ ఎదురు చూస్తున్నరు."

"ఇగ రాడు టీచర్. శనివారం పొద్దుగాల గుండె ఆగింది. కథలాపూర్ కాడ మా ఊరికే తీస్కపోయినం."

ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. సమయం తప్పిన మనిషిని నిలదీయకుండా వదిలింది లేదు. ఆ అలవాటుతోనే, పోయిన మనిషి ఎన్ని గంటలకు వస్తాడని ఆయన భార్యనే అడిగాను.

కేబుల్ ఆయన తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడట. "మా నాయిన తాళ్లెక్కిండు, నేను స్తంభాలెక్కుతున్న. మా ఇంట్ల నేల మీద ఉండి బతికినోడు లేడు టీచర్" అనేవాడు. చెప్పులు గడప బయట జతగా విడిచేవాడు. స్క్రూడ్రైవర్ చొక్కా కాలర్ వెనక దోపుకునేవాడు. "నాలుగు గంటలకంటివి. గిప్పుడా వచ్చుడు?" అని నేను అంటే, గోడ వైపు చూసి, "మీ గడియారం ఐదు నిమిషాలు ముందుంటది, నాకెర్కనే" అనేవాడు. నిజమే. నేనే ముందుకు జరిపి పెట్టుకున్నాను.

రెండేళ్ల కిందట మా వారికి పక్షవాతం వచ్చింది. బడి పిల్లలకు కబడ్డీ నేర్పిన మనిషి. కుడి చేయి పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది. ఇక మిగిలింది కబడ్డీ చూడటం ఒక్కటే. కేబుల్‌లో అది చానల్ వాళ్లు వేసినప్పుడే చూడాలి. రిమోట్ మీది సన్న బటన్లు ఆయన కళ్లకు ఆనవు. చానల్ మార్చాలంటే నన్ను పిలవాలి, పిలవడం ఆయనకు ఇష్టం లేదు. ఏది వస్తే అది చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు వంటింట్లో పని ముగించుకుని వచ్చేసరికి, గంట నుంచి వంటపాత్రల ప్రకటన చూస్తున్నారు.

ఆ సాయంత్రమే కేబుల్ ఆయనను పిలిచాను. టీవీకి తగిలించుకుని నెట్‌లో వీడియోలు చూసే పరికరాల్లో ఏది మంచిదో చెప్పమన్నాను. ఎవరిని అడుగుతున్నానో ఆలోచించలేదు. అది పెడితే ఇక ఆయన తీగతో మాకు పని ఉండదు. ఆయన కాసేపు తల గోక్కుని, "చూసి చెప్తా టీచర్" అన్నాడు.

మూడు పోగయ్యాయి. ఒకటి జగిత్యాల దుకాణంలో తెచ్చిన వేలెడంత కడ్డీ. రెండోది సిరిసిల్లలో మా అమ్మాయి ఇంటి నుంచి తెప్పించిన ఖరీదైన పెట్టె, మాట చెబితే వింటుంది. మూడోది కేబుల్ ఆయన తన ఇంట్లో వాడుతున్న పాత చిన్న పెట్టె. నేను నోట్‌బుక్‌లో గళ్లు గీసి బొమ్మకు, ధ్వనికి, వేగానికి పదేసి మార్కులకు లెక్కగట్టాను. సిరిసిల్ల పెట్టెకు ముప్పైకి ఇరవై ఎనిమిది వచ్చాయి. ఆయన పెట్టెకు పద్నాలుగు. తెరుచుకోవడానికే దానికి నలభై సెకన్లు పట్టింది.

నోట్‌బుక్ అంతా చదివి, "మార్కులు మీ కండ్లతోని వేసిండ్రు టీచర్. చూసేది సార్ గదా" అన్నాడు.

మా వారు మంచం మీద ఉన్నారు. "సార్, జరసేపు మీ కుర్చీల కూసుంట" అని అడిగి కూర్చున్నాడు. కుడి చేయి తొడ కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎడమ బొటనవేలితో ఒక్కో రిమోట్‌ను తడిమాడు. జగిత్యాల కడ్డీది నున్నగా ఉండి రెండుసార్లు కింద పడింది. సిరిసిల్ల పెట్టె రిమోట్‌ను మా వారి నోటి దగ్గర పెట్టాడు. ఆయన "కబడ్డీ" అన్నారు. మళ్లీ చెప్పమని తెర మీద వచ్చింది. మళ్లీ చెప్పారు. మళ్లీ అదే వచ్చింది. మూడోసారి చెప్పకుండా గోడ వైపు తిరిగిపోయారు.

కేబుల్ ఆయన రిమోట్‌ను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "దీనికి శెవుడున్నది సార్. సిరిసిల్లకే పంపుదాం, ఆడ మగ్గాల సప్పుడుల ఎవ్వలికీ తెల్వది."

మా వారు నవ్వారు. జబ్బు చేశాక ఆ నవ్వు వినడం అదే మొదలు.

ఇక మిగిలింది పద్నాలుగు మార్కుల పెట్టె. దాని రిమోట్ మొద్దుగా ఉంటుంది, బటన్లు ఉబ్బుగా ఉంటాయి. మధ్య బటన్ ఒక్కటి నొక్కితే నిన్న ఆపిన చోటు నుంచే ఆట మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. "టీచర్, ఒక స్టిక్కర్ బొట్టు ఇయ్యుండ్రి" అని అడిగి తీసుకుని, ఆ బటన్ మీద అతికించాడు. మా వారి బొటనవేలు ఆ మఖమల్ మెత్తదనాన్ని వెతికి పట్టుకుంది. ఎవరినీ పిలవకుండా ఆయన తన ఆట తానే పెట్టుకున్నారు.

తర్వాత కేబుల్ ఆయన మా ఇంటి తీగ విప్పి, మోచేతికి అరచేతికి మధ్య చుట్ట చుట్టుకున్నాడు. "వేరేటోడు తీస్తె గోడ ఖరాబైతది. నేనే తియ్యాలె" అన్నాడు. ఇట్లా ఇంటింటికీ తీసేస్తే నీకెట్లా అని నేను అడగలేదు. గోడ సున్నం రాలిందని మాత్రం చెప్పాను.

అయినా నెలకోసారి, పిలవకుండానే వచ్చేవాడు. అరిగిన బొట్టు గీరేసి కొత్తది అతికించి, కుర్చీలో అదే తీరుగా కూర్చుని తడిమి చూసి వెళ్లేవాడు. "చూసేటోని కుర్చీల కూసుంటెనే ఎర్కైతది" అనేవాడు. ఒక్కసారైనా మంచి చేశావు తమ్మీ అని నేను అనలేదు. వేళకు వచ్చాడా లేదా అనే చూశాను.

ఆ మంగళవారం మధ్యాహ్నానికి నెట్ తిరిగొచ్చి టీవీ దానంతటదే వచ్చింది. మా వారికి విషయం చెప్పడానికి నాకు మరో రెండు రోజులు పట్టింది. విని ఆయన మధ్య బటన్ నొక్కారు. తెర మీద కూతకు వెళ్లిన ఆటగాడు గీత వైపు చేయి చాచి అక్కడే నిలిచిపోయాడు. తర్వాత రిమోట్‌ను నా వైపు చాచారు. బొట్టు అరిగిపోయింది, జిగురు మాత్రమే మిగిలింది.

ఆయనను మంచం మీదికి చేర్చి, నా బొట్ల అట్ట తెచ్చి, పాత జిగురు గోటితో గీరి కొత్తది అతికించాను. సరిగ్గా మధ్యలోనే ఉన్నట్టు కనిపించింది. అయినా వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. కుడి చేయి తొడ కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎడమ బొటనవేలితో వెతకడం మొదలుపెట్టాను.