చుక్క పెట్టని కూత

మా డ్రిల్లు మాస్టారు పోయారు. మా అమ్మాయి కబడ్డీ ఆట మొదటిసారి టీవీలో వచ్చే రోజునే, పొద్దున్నే, కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. టీ పట్టుకెళ్ళిన మాస్టారి భార్య పిలిచి పిలిచి, చివరికి పెద్ద కేక వేసింది. ఆ కేక మా ఇంటికి వినపడింది. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క గోడే.

ఆ సమయానికి నేను మా వాకిట్లో షామియానా వేయిస్తున్నాను. సాయంత్రం ఊరంతా కూర్చుని ఆట చూడాలని నరసరావుపేట నుంచి పెద్ద టీవీ, కుర్చీలు అద్దెకు తెప్పించాను. మధ్యాహ్నానికల్లా ఆ షామియానానే విప్పి గోడ అవతల మాస్టారి వాకిట్లో వేశాం. కుర్చీలూ అవే. షామియానా అతను నా దగ్గరకొచ్చి మెల్లగా, "రంగుల గుడ్డ ఉండనీయమంటావా బాబాయ్, తెల్లది తెమ్మంటావా?" అన్నాడు. "ఉండనీయ్, ఆయనకి రంగులంటే ఇష్టం" అన్నాను.

మాస్టారి పాత విద్యార్థులు పెద్దకర్మ రోజున పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్నూ రాయమన్నారు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి మిరపచేలో పడినవాణ్ణి. లేకలేక ఆలస్యంగా పుట్టిన కూతురు, మొన్న దేశమంతా చూసే టీవీలో ఆడింది. ఈ వయసులో ఇంతకంటే ఏం కావాలి? ఆనందంతో ఎగిరి గంతేయాలని ఉంది. చదివేవాళ్ళు తప్పుగా అనుకోకండి, ఆ మాట నిజం. ఆ ఆనందం మింగుడుపడటం లేదు, అదీ నిజమే.

మాస్టారికి ఒక వెబ్‌సైటు ఉండేది. ఉండేది కాదు, ఇంకా ఉంది. నా బాధంతా దాని గురించే. దాని పేరు 'కూత'. కబడ్డీ ఆడేవాళ్ళు గీత దాటి అవతలి జట్టులోకి పోయి, గుక్క తిప్పుకోకుండా కబడ్డీ కబడ్డీ అంటారే, దాన్ని మా వైపు కూత అంటాం. గుక్క తెగిందా, ఔటే. టీవీవాళ్ళు దాన్ని రైడు అంటారు. మాస్టారికి ఆ మాట గిట్టేది కాదు. "రైడంటే పోలీసులు చేసేది. మన పిల్లలు చేసేది కూత" అనేవారు.

ఆ సైటులో ఆయనకి ఇష్టమైనవన్నీ ఉంటాయి. కబడ్డీ, క్రికెట్టు, ఎడ్ల బండలాగుడు పోటీలు, కోటప్పకొండ తిరునాళ్ళకి బండ్ల మీద కట్టుకొచ్చే ఎత్తైన ప్రభల్లో ఏ ఊరిది ఎంత బాగుందో, ఏ ఊరి ప్రభ దారిలో కరెంటు తీగలకు తగులుకుందో, అన్నీ. ఇంకా టీవీ సీరియళ్ళు. నవ్వకండి. మిరప కోతలప్పుడు ఆడవాళ్ళు చేలనుంచి వచ్చేసరికి పొద్దుపోయేది, సీరియల్ అయిపోయేది. మర్నాడు చేలో ఎవరో ఒకరు సెల్లు తీసి మాస్టారు రాసింది పైకి చదివితే, మిగతావాళ్ళు కాయలు కోస్తూ వినేవాళ్ళు. "అత్త మళ్ళీ స్పృహ తప్పింది. ఎందుకు తప్పిందో రేపు చెప్తారట. నేను నమ్మను." ఇలా ఉండేది ఆయన రాత. మా ఆవిడ ఒకసారి గోడ మీంచి అడిగింది.

"అన్నయ్యగారూ, సీరియల్ రాసేటప్పుడు మాట మాటకీ చుక్క పెడతారేంది? కబడ్డీ రాసేటప్పుడు ఒక్కటీ పెట్టరు గదా?"

"సీరియల్లో అడుగడుక్కీ ఆగుతారమ్మా. అత్త మొహం మూడుసార్లు చూపిస్తారు. మూడు చుక్కలు పెట్టకపోతే అబద్ధం రాసినట్టే" అన్నారాయన.

కబడ్డీ సంగతి వేరు. ఒక కూత మొదలుపెడితే, వెళ్ళినవాళ్ళు గీత దగ్గరికి తిరిగొచ్చేదాకానో, పట్టుబడి గుక్క తెగేదాకానో మాస్టారు చుక్క పెట్టేవారు కాదు. చదివేవాళ్ళు కూడా ఒక్క గుక్కలో పైకి చదవాలి. సైటు పైభాగాన ఎర్ర అక్షరాలతో 'దయచేసి మనసులో చదవకండి' అని ఉంటుంది.

ఈ కూత అనే మాట వల్లే ఒకసారి పెద్ద గొడవ కాబోయింది. మా అమ్మాయి అప్పుడు హైస్కూల్లో ఉంది. మండలం పోటీల్లో ఆడొచ్చింది. సెంటర్లో ఎవరో మా బావమరిదితో, "మాస్టారు నీ మేనకోడలి మీద కూతలు రాశాడంట, సెల్లులో ఊరంతా చూస్తన్నారు" అన్నారు. కూతలంటే మా వాళ్ళకి ఇంకో అర్థముంది కదా, నోటికొచ్చినట్టు వాగడం. వాడు చేతికర్ర పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"ఏంది మాస్టారూ, ఆడపిల్ల మీద కూతలు రాస్తారా? చదువు చెప్పినోరని ఊరుకుంటన్నా!"

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. "కర్ర ఆ మూల పెట్టి ఇట్టా కూర్చో. రాసింది ముందు చదువు. పైకి చదువు. ఆ తర్వాత కొడుదువు గానీ" అని కంప్యూటర్ వాడి వైపు తిప్పారు.

వాడు మొదలుపెట్టాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ ముక్క నాకు కంఠతా వచ్చు: "మన పిల్ల గీత దాటింది ఎడమ మూల పొట్టిపిల్ల మోకాలు వంచి కాచుకుంది దాన్ని చూడనట్టే చూసింది కుడికి ఒరిగింది చేతులు కలిపి నిలబడ్డ ఇద్దరూ కుడికి ఒరిగారు అంతే కాలు ఎడమకి విసిరింది బొటనవేలు తగిలింది వెనకనుంచి నడుం పట్టేశారు ఒకరు ఇద్దరు ముగ్గురు మీద పడ్డారు కూత ఆగలేదు పాకుతోంది కూత ఆగలేదు చెయ్యి చాపింది వేలు గీత మీద పడింది."

సగానికే మా బావమరిది మొహం ఎర్రబడింది. చివరికొచ్చేసరికి దగ్గు తెరలు కమ్ముకొచ్చాయి.

"చుక్క యాడ పెట్టారు మాస్టారూ? చచ్చేట్టున్నా!"

"పిల్ల గీత తాకిందాకా చుక్క ఎట్టా పెడతాన్రా?"

వాడు దగ్గు ఆపుకున్నాడు. తర్వాత, "ముగ్గురు మీద పడ్డా వచ్చిందా మా పిల్ల?" అన్నాడు. ఇంకోసారి చదివాడు. కర్ర మర్చిపోయి ఇంటికి పోయాడు. అది చాలా రోజులు మాస్టారి తలుపు వెనకే ఉంది.

మాస్టారు కబడ్డీ నేర్పే ఆ ఆడపిల్లలకి ఆడుకోవడానికి జాగా కూడా లేదు. బడి గ్రౌండులో మగపిల్లలు క్రికెట్టు ఆడుకుంటారు, ఆడపిల్లలకి సాయంత్రాలు ఇవ్వం అన్నారు. మాస్టారు రిటైరైపోయారు, ఆయన మాట ఎవరు వింటారు? నేను కాయలు ఆరబోసే మిరప కల్లం అడిగారు. కాయలు ఎత్తేశాక అక్కడ ముగ్గుపిండితో గీతలు గీశారు. ఎంత ఊడ్చినా మిరప ఘాటు నేలలోంచి లేచేది. పిల్లలు దగ్గుతూ, కళ్ళు నలుపుకుంటూ కూతకెళ్ళేవాళ్ళు. "ఈ ఘాటులో గుక్క పట్టినోళ్ళకి ఇంకే కోర్టయినా పూలపాన్పే" అనేవారు ఆయన. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి, "ఈ వయసులో మాస్టారికి ఆడపిల్లల ఆటలేంది? నిక్కర్లేసి గంతులేయిస్తన్నాడు" అని ఆయనకు వినపడేలా అనుకునేవాళ్ళు. ఆ వాగుడుకి మాస్టారు జవాబు చెప్పేవారు కాదు. ఇంటికి పోయి ఆ రోజు ఎవరెలా ఆడారో రాసేవారు. ముందు ఓడిన పిల్లల గురించి రాసేవారు. "గెలిచినోళ్ళ గురించి పేపరోళ్ళు రాస్తారు. ఓడినోళ్ళకి నేనున్నా" అనేవారు.

ఒంటి వేలితో టైపు కొట్టేవారు. పెట్టగానే అరుగు మీదికొచ్చి కూర్చుని వచ్చేపోయేవాళ్ళని, "ఏమోయ్, కొత్తది పెట్టాను, చదివావా?" అని అడిగేవారు. "చదువుతా మాస్టారూ" అని జారుకునేవాళ్ళు. కొందరైతే ఆ అరుగు ముందు నుంచి వెళ్ళకుండా వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. ఆయనకి తెలుసు. "చూసినోళ్ళ లెక్క పేజీ అడుగున పడుద్దయ్యా. అందులో సగం నేనే" అని నవ్వేవారు. ఆ వెనక సందు వాళ్ళే మొన్న శవం ముందు నిలబడి, "మాస్టారు చానా గొప్ప రచయిత" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం చదివారని ఒక్కణ్ణి అడిగితే చాలు, తేలిపోయేది. శవం దగ్గర కదా అని నోరు మూసుకున్నాను.

ఆయన పోయే ముందురోజు సాయంత్రం గోడకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నాం.

"రేపు నువ్వు టీవీ చూడు. నేను నీ మొహం చూస్తా. రెండూ కలిపి రాస్తా" అన్నారు మాస్టారు.

"నా మొహంలో ఏముంది మాస్టారూ, ఎండకి కమిలిన మొహం."

"పిల్ల కూతకెళ్ళినప్పుడల్లా నువ్వూ గుక్క బిగబడతావు. మధ్యలో చస్తావేమోనని నా భయం" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేసేసరికి ఆట మొదలైంది. మాస్టారి వాకిట్లో చావు కుర్చీల్లో కూర్చుని ఉన్నాం. మా బావమరిది సెల్లులో సౌండు పూర్తిగా తీసేసి నా ముందు పట్టుకున్నాడు. మా అమ్మాయి గీత దాటింది. పెదాలు కదులుతున్నాయి. కూత వినపడదు. ముగ్గురిని తాకి వెనక్కి దూకింది. జట్టు గెలిచింది. పిల్లలంతా దాన్ని ఎత్తుకున్నారు. అదే మా వాకిట్లో అయితే పిచ్చివాడిలా అరిచేవాణ్ణి. అక్కడ, మాస్టారి భార్య ఎదురుగా, కండువా నోట్లో కుక్కుకున్నాను. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో పక్కవాళ్ళకి తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆ మొహాన్ని చూసి రాయాల్సిన మనిషి బూడిదైపోయాడు.

ఆట ముందు పిల్లకి చెప్పొద్దని అనుకున్నాం. ఆట అయ్యి చేతికి ఫోను రాగానే తనే మాకు చేసింది.

"నాన్నా, గెలిచాం! చూశావా? సారు చూశారా?"

"చూశానమ్మా. బంగారుతల్లీ, చూశాను."

"సారు పేజీ తెరిచాను నాన్నా. పైన నా గురించి పేరు పెట్టారు గానీ కింద ఆట గురించి ఇంకా ఏమీ రాయలేదేంది? ఈపాటికి పెట్టేస్తారు గదా?"

మా ఆవిడ ఫోను లాక్కుని చెప్పింది. అవతల ఆ గెలిచిన పిల్లల కేరింతలు వినపడుతూనే ఉన్నాయి.

మర్నాడు ఊరి సెంటర్లో రెండు ఫ్లెక్సీలు లేచాయి. ఒకటి మా అమ్మాయికి శుభాకాంక్షలు, రెండోది మాస్టారికి అశ్రునివాళి. రెండింటి కిందా నమస్కారం పెడుతూ అవే మొహాలు, అవే ఫొటోలు, అవే నవ్వులు. మాస్టారి చావు ఫ్లెక్సీలో కూడా వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. నిక్కర్లేసి గంతులని వాగినవాళ్ళూ అందులో ఉన్నారు. ఫ్లెక్సీ కట్టినవాణ్ణి పట్టుకుని, "మా పిల్ల పక్కన మాస్టారి బొమ్మ ఏదిరా?" అన్నాను.

"పోయినోళ్ళ బొమ్మ శుభాకాంక్షల దాంట్లో వెయ్యకూడదు బాబాయ్, అశుభం. అందుకే ఆయనకి విడిగా వేశాంగా."

బతికుండగా ఆయన బొమ్మ ఎక్కడ వేశారని అడగాలనిపించింది. వాడు అప్పటికే నిచ్చెన సర్దుకుంటున్నాడు.

మాస్టారి కొడుకు మంచివాడే. గుంటూరులో ఉద్యోగం. సైటు సంగతి అడిగితే, "పాస్‌వర్డు నాన్న బుర్రలోనే ఉండిపోయింది బాబాయ్. ఆ పేరుకి ఏడాది గడువు ఉంటది, తీరగానే దానంతటదే పోద్ది" అన్నాడు.

"పోనివ్వకు నాయనా. మా పిల్ల ఆట మొత్తం అందులోనే ఉంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లల ఆట ఇంకెక్కడా లేదు."

"నాకు మాత్రం బాధ లేదా? కానీ ఎవరు చదువుతున్నారు చెప్పు బాబాయ్. నువ్వు చదివావా అంతా?"

"మా అమ్మాయి ఉన్నవన్నీ చదివాను."

"మిగతావి?"

చదవలేదని వాడికి అర్థమైంది. చూద్దాంలే అన్నాడు. ఆ చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. ఇప్పుడు రోజూ మొదట్నించీ చదువుతున్నాను. ఎడ్లవీ, ప్రభలవీ, సీరియల్ అత్తవీ, ఓడిన పిల్లలవీ, అన్నీ పైకే చదువుతున్నాను. గడువులోగా అవుతుందో లేదో తెలియదు.

నిన్న మా అమ్మాయి వచ్చింది. బ్యాగు దించకుండానే నేరుగా మాస్టారింటికి పోయింది. ఆయన కుర్చీలో కూర్చోలేదు, పక్కన నేలమీద కూర్చుంది. కంప్యూటర్ కట్టేసి ఉంది. తన సెల్లులోనే ఆ పేజీ తెరిచి నాకు చూపించింది. పైన పెద్ద అక్షరాలతో 'మన పిల్ల కూత, టీవీలో' అని ఉంది. దాని కింద ఒకటే ముక్క.

"నాన్నా, సారు చివర చుక్క పెట్టలేదు చూడు" అంది.

కళ్ళజోడు తుడుచుకుని చూశాను. 'ఆట అయ్యాక రాస్తాను' అని ఉంది. చుక్క లేదు. ఆ తర్వాతంతా తెల్లగా, గీతలు గీసి పిల్లల కోసం చూస్తున్న కల్లంలా ఖాళీగా ఉంది.