తడిసినోడు ఏటైపోనాడు?

లిఫ్టు ముందు ఎవరో మీట నొక్కి గొడుగు తెరిచారు. టప్పుమన్న ఆ చప్పుడు, దాని వెనకే కొత్త గుడ్డ వాసన. ఎక్కవలసిన లిఫ్టు వెళ్ళిపోయినా నేను అక్కడే నిలబడిపోయాను. ఆ చప్పుడు వింటే నాకు సన్యాసిరావు గారు గుర్తొస్తారు. గాజువాకలో టిఫిన్ హోటలు మీద ఒక ఇరుకు గది మా ఆఫీసు. ఊళ్ళో కేబుల్ టీవీకి నవ్వించే ప్రకటనలు తీసేవారాయన. పచ్చళ్ళు, ఫ్యాన్లు, పరుపులు, ఏదైనా సరే. కింద నుంచి పెసరట్ల వాసన వస్తుంటే ఆకలితోనే కథలు రాయడం నాకు అక్కడే అలవాటైంది.

చేరిన కొత్తలో పరుపుల కొట్టుకి నేను "మెత్తదనం, మన్నిక" అంటూ రాసుకెళ్తే ఆయన కాగితం తిరగేసి విసనకర్రలా ఊపుకున్నారు. "మెత్తగుంటాదని సెప్తే ఎవుడింటాడమ్మా? పండక్కొచ్చిన అల్లుడు మంచం దిగట్లేదని సెప్పు. మావగారు తలుపు కొడతన్నాడు, అత్తగారు కాఫీ సల్లారిపోతాందంటంది. ఆడు లెగడే! ముందో మనిషిని ఇరుకున పెట్టాల. ఆడెలా బయటపడతాడోనని జనం సూస్తారు. ఆ దారిలో మన సరుకుండాల." ఇంతకు మించిన పాఠం నాకు ఆ తర్వాత ఏ పెద్ద ఆఫీసులోనూ ఎవరూ చెప్పలేదు.

ఆయనకో ఆచారం ఉండేది. కెమెరా బయటికి తీసేముందు కథను ఫిషింగ్ హార్బరులో పోలమ్మకి చెప్పాలి. పోలమ్మ అక్కడి వేలంపాటలో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని గాజువాక కాలనీల్లో అమ్మే మనిషి. ఆవిడ నవ్వితే ఆయన పొంగిపోయేవారు కాదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, "నిన్నటి కథ ఏటే పోలమ్మా, ఓసారి సెప్పు" అనేవారు. ఆవిడ మరిచిపోయిన ముక్కను మొహమాటం లేకుండా కోసేసేవారు. పక్కనున్న నాకు నా మాటలు తెగుతుంటే వేలు తెగినట్టుండేది.

నా మొదటి సొంత కథ గొడుగుల కొట్టుకి రాసింది. మా నాన్నకి నా ఉద్యోగం కిట్టేది కాదు. "నవ్వులాట కూడా ఉద్యోగమేటే? ఈ వానలెల్లేలోపు నువ్వు రాసింది టీవీలో రావాల. లేదంటే మీ బాబాయి లారీ ఆఫీసులో కూకో" అన్నాడు. పెందుర్తిలో మా ఇంటికి ఎదురుగానే ఆ ఆఫీసు. కిటికీలోంచి దాని బోర్డు చూసినప్పుడల్లా నాకు అన్నం దిగేది కాదు.

కథ ఇది. బస్టాపులో వాన. ఒక బక్కపలచటి మనిషి కొత్త గొడుగు తెరుస్తాడు. పక్కవాడు దూరతాడు, తర్వాత ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ, ఆవిడ కోడిపెట్ట. జరిగి జరిగి చివరికి గొడుగు సొంతదారు వానలో పడతాడు. "గొడుగు నాదేనండీ, కొంచెం జరుగుతారా?" అని బతిమాలతాడు. అంతే. పోలమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. మర్నాడు ఒక్క ముక్క పోకుండా, కోడిపెట్టతో సహా తిరిగి చెప్పింది. నేను గాల్లో తేలాను.

ఆ వారమే కొట్టు యజమాని నాయుడు గారు రుసరుసలాడుతూ మెట్లెక్కారు. "ఈ కథ మా ఈధి ఈధంతా సెప్పుకుంటన్నారండీ! సేపలావిడ సెప్పిందంట. అందరికీ తెలిసిపోయిన దాన్ని మళ్ళీ టీవీలో ఎవుడు సూస్తాడు? నాకొద్దు." పోలమ్మ తట్టలో వంజరాలతో పాటు నా కథ కూడా ఇంటింటికీ వెళ్ళిపోయింది! లారీ ఆఫీసు కుర్చీ నా కళ్ళ ముందు కనిపించింది. ఏడుపు ఆగలేదు.

సన్యాసిరావు గారు మాత్రం మీసాల్లో నవ్వుకుంటూ నాయుడు గారిని, నన్ను ఆటో ఎక్కించి, కాలనీలో అమ్ముతున్న పోలమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. "ఆ గొడుగు కథ ఈయనకి కూడా సెప్పే" అన్నారు.

ఆవిడ చెప్పింది. కానీ నా చివరి మాట దగ్గర ఆగలేదు. "మరి తడిసినోడు ఏటైపోనాడని అందరూ అడగతన్నారు బాబూ. నానేటి సెప్పీది? అందుకే కల్పీసినాను. ఆడు కారతన్న బట్టల్తోటే కొట్టుకి పోయి, 'నాక్కూడా సోటుండే గొడుగియ్యండి బాబూ' అన్నాడు."

గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళు, ముందే తెలిసిన కథకి మళ్ళీ నవ్వారు. నాయుడు గారు బిగపట్టుకోబోయి వల్లకాక పకపకా నవ్వేశారు. తిరిగి వస్తూ ఆటోలో సన్యాసిరావు గారు నాతో అన్నారు: "నవ్వించడం నీకొచ్చమ్మా. కానీ తడిసినోణ్ణి వానలోనే ఒదిలీసి వచ్చీకూడదు."

ఆ ముగింపుతోనే తీశాం. వానలు వెళ్ళకముందే ప్రకటన వచ్చింది. నాన్న మొహం గంటు పెట్టుకుని చూడటం మొదలుపెట్టి, కోడిపెట్ట దగ్గర లొంగిపోయాడు. లారీ ఆఫీసు మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు. "రేపు బస్సెన్నింటికే?" అని మాత్రం అడిగాడు.

నేను ఇప్పటికీ ప్రకటనలే రాస్తున్నాను. ఏది రాసినా చివర, ఇందులో తడిసినోడు ఏమయ్యాడని చూసుకుంటాను. ఆ ప్రశ్నకి జవాబు లేక చించేసినవి చాలా ఉన్నాయి.

నిరుడు వానల్లో సన్యాసిరావు గారు పోయారు. చివరిచూపుకి వచ్చినవాళ్ళతో ఆయన ఇంటిముందు సందంతా గొడుగులే. నేను వెనకెక్కడో గోడవార తడుస్తూ నిలబడ్డాను, కదలాలని కూడా తోచలేదు. ఒక ముడతల చెయ్యి నా జబ్బ పట్టుకుని గొడుగు కిందకి లాగింది. పోలమ్మ. అప్పటికే ఆ గొడుగు కింద నలుగురున్నారు.

"తడిసిపోతన్నావేటే? జరగండర్రా, ఇది ఆయన పిల్ల" అంది.